రైలు దూరం, గాలి దూరం
ఒక రిటైర్డు రైల్వే గార్డు డైరీ పుటలు

4 ఆగస్టు 2024, ఆదివారం. మర్రిపాలెం, విశాఖపట్నం

పొద్దున్నే పెద్దోడి ఫోను. 25న మనవరాలికి ఓణీల ఫంక్షన్. మల్కాజిగిరిలో వాళ్లింటి దగ్గరే హాలు మాట్లాడారట. "నాన్నా, 22న మీ ఇద్దరికీ ఫ్లైట్ టికెట్లు తీసేశాను. గంటా ఇరవై నిమిషాలు, అంతే" అన్నాడు. నాకు పాసు ఉంది కదరా అంటే, "అది తిరుగు ప్రయాణానికి వాడుకోండి" అన్నాడు. సరేనని సెప్టెంబరు 1 గోదావరికి రెండు బెర్తులు నేను తీశాను.

మా ఆవిడ అప్పుడే వీధంతా చెప్పేసి వచ్చింది. నేను మాత్రం ఆ గంటా ఇరవై దగ్గరే ఆగిపోయాను. సర్వీసంతా ప్రతి స్టేషన్ దగ్గరా రఫ్ జర్నల్లో టైము రాసుకున్నవాణ్ణి. వర్కింగ్ టైమ్‌టేబుల్‌కి అలవాటుపడ్డ కళ్లు టికెట్ మీది టైముని ఊరికే నమ్మవు. ఆ గంటా ఇరవైలో పరుగెంత, నిలబడేదెంత? అసలు దూరమెంత?

రైలు దూరమైతే నిద్రలో లేపి అడిగినా చెప్తాను. విశాఖ నుంచి కాజీపేట మీదుగా సికింద్రాబాద్‌కి 699 కిలోమీటర్లు. బెజవాడ నడిమధ్యన ఉంటుంది, ఇటు 350, అటు ఒకటి తక్కువ 350. 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి మొన్ననే యాభై ఏళ్లు నిండాయి. ఇప్పటికీ ఆ దారికి రాత్రంతా పడుతుంది, పన్నెండు గంటల పైమాటే. 2023 సంక్రాంతికి వచ్చిన వందేభారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది. అంటే సగటున గంటకు 82. ఆ బండి 130లో పరుగెత్తగలదు, సగటు మాత్రం 82. ఈ రెండంకెల మధ్య ఉన్న తేడాలోనే నా ఉద్యోగమంతా గడిచింది.

11 ఆగస్టు, ఆదివారం

అటక మీంచి పిల్లల చదువులనాటి అట్లాసు దించాను. బైండింగు ఊడింది గానీ గీతలు బాగానే ఉన్నాయి.

మన విమానాశ్రయం 83.2 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, శంషాబాద్ 78.4 మీద. తేడా 4.8 డిగ్రీలు. అక్షాంశాల్లో పెద్ద తేడా లేదు, ఇక్కడ 17.7, అక్కడ 17.2. డిగ్రీ రేఖాంశం భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లు. ఉత్తరానికి వచ్చేకొద్దీ గీతలు దగ్గరవుతాయి కాబట్టి మన దగ్గరికి వచ్చేసరికి 106. తూర్పు పడమరలు 4.8 ఇంటూ 106, అంటే 509. ఉత్తర దక్షిణాలు అరడిగ్రీ, సుమారు 54. రెంటికీ కర్ణం కడితే 512. నాటికల్ మైళ్లలో 276.

అంటే రైలు 187 కిలోమీటర్లు ఎక్కువ తిరుగుతోంది. స్కేలు పెట్టి గీత గీస్తే కారణం తెలిసిపోయింది. తిన్నని గీత నర్సీపట్నం మీదుగా పోయి, మన్యం కొండలెక్కి, పాపికొండల దగ్గర గోదావరి దాటి, భద్రాచలానికి దిగువన, ఖమ్మానికి ఎగువన సాగి శంషాబాద్ చేరుతుంది. ఆ దారిలో సగం అడవి, కొండ, లోయ. అక్కడ పట్టాలు ఎవరూ వేయలేదు. నిజాం రైల్వే వాళ్లు సికింద్రాబాద్ నుంచి బెజవాడకి 1889లో లైను తెచ్చారు. ఆ తర్వాత కొన్నేళ్లకి ఈస్ట్ కోస్ట్ లైను సముద్రం వెంబడి, డెల్టాలు పట్టుకుని, వాల్తేరు మీదుగా పోయింది. రెండు ప్రభుత్వాలు, రెండు అవసరాలు, రెండు లైన్లు. కలిసింది బెజవాడలో. విశాఖ నుంచి హైదరాబాద్ పోవడానికని ఎవరూ ఆ దారి వేయలేదు. వేసిన దారుల్ని కలుపుకుని మనం పోతున్నాం.

రోడ్డుదీ చాలాకాలంగా అదే తీరు, బెజవాడ వంపు తిరగాల్సిందే, 600 పైచిలుకు. ఖమ్మం నుంచి దేవరపల్లికి 160 కిలోమీటర్ల కొత్త రోడ్డు వేస్తున్నారు. అది పూర్తయితే కార్లకి ఆ వంపు తప్పుతుంది. మా పట్టాలకి తప్పదు.

మా ఆవిడ భుజం మీంచి చూసింది. "ఏటండీ ఆ గీతలు? విమానం నడిపేవోడికి దారి తెలీదేటి?"

18 ఆగస్టు, ఆదివారం

కంచరపాలెంలో మావాడు కలిశాడు. నాతో ఒకే బండి మీద చాలా పనిచేశాడు, లోకో పైలట్‌గా రిటైరయ్యాడు. టీ కొట్టు దగ్గర గంటసేపు కూర్చున్నాం. విమానం టికెట్ మీది గంటా ఇరవై గురించి చెప్పి, 512 కిలోమీటర్లకి జెట్ విమానానికి అంత టైమెందుకని అడిగాను.

నవ్వాడు. "గురూ, దువ్వాడ నుంచి విశాఖ ఎంత?"

"17 కిలోమీటర్లు."

"టైమ్‌టేబుల్లో ఎంతిచ్చారు?"

ఇక చెప్పేదేముంది. పావుగంటలో వచ్చే దూరానికి అరగంట, ముప్పావుగంట ఇచ్చిన బళ్లు ఉన్నాయి. దారిలో ట్రాక్ పనులకి ఇంజనీరింగ్ అలవెన్స్ అని కొన్ని నిమిషాలు, క్రాసింగులకీ, సిగ్నళ్లకీ ట్రాఫిక్ అలవెన్స్ అని కొన్ని నిమిషాలు కలుపుతారు. వాటిలో ఎక్కువ భాగం ఆఖరి సెక్షన్లో పోస్తారు. దారిలో ఇరవై నిమిషాలు లేటైన బండి అక్కడ సర్దుకుని రైట్ టైముకి చేరుతుంది. దారిలో లేటు లేకపోతే దువ్వాడ దాకా ముందే వచ్చేసి, ప్లాట్‌ఫారం కోసం అవుటర్లో నిలబడుతుంది. లోపలున్న జనం బండినీ మమ్మల్నీ కలిపి తిడతారు.

విశాఖ స్టేషన్ దారి చివరనున్న స్టేషను కావడం ఇంకో మెలిక. హౌరా వైపు పోయే బండి ఇక్కడికి వస్తే ఇంజను అటు కోసి ఇటు తగిలించాలి. అందుకే కొన్ని బళ్లు విశాఖకి రాకుండానే దువ్వాడ నుంచి సింహాచలం నార్త్ మీదుగా కొత్తవలస వెళ్లిపోతాయి. కిలోమీటర్లు తగ్గుతాయని కాదు, నిమిషాలు మిగులుతాయని.

"విమానాలకీ దువ్వాడ ఒకటి ఉండే ఉంటుంది గురూ. ఎక్కడుందో చూసి రా" అన్నాడు.

22 ఆగస్టు, గురువారం రాత్రి. మల్కాజిగిరి

జేబు పుస్తకంలో రాసుకున్నవి ఇక్కడికి ఎక్కిస్తున్నాను.

11.00 ఇంటి నుంచి ఆటో. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటితే విమానాశ్రయమే. 11.20కి గేటు ముందున్నాం.

11.50 సామాను ఇచ్చేశాం. ఆవకాయ సీసా చేతిసంచిలో రానివ్వరని పెద్దోడు ముందే చెప్పాడు, పెద్ద పెట్టెలో సర్దాం. బెల్టు, చిల్లర, తాళాలు ట్రేలో వేసి తనిఖీ. 12.20 నుంచి కుర్చీలో కూర్చోవడమే పని.

13.35 బయల్దేరాల్సిన టైము. తలుపు వేశారు, కదల్లేదు.

13.41 వెనక్కి కదిలింది. ఒక చిన్న బండి ముందు చక్రాన్ని పట్టుకుని నెట్టింది. నాకు ఎడమవైపు కిటికీ, మా ఆవిడ మధ్యలో. నెట్టడం అయ్యాక కింద ఉన్న మనిషి బండి విప్పించి, పక్కకి నడిచి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఎర్ర రిబ్బను వేలాడే ఇనప పిన్ను. దాన్ని తలెత్తి పైలట్‌కి కనబడేలా ఎత్తి చూపించాడు. పైనుంచి సైగ అందేదాకా చెయ్యి దించలేదు, కదల్లేదు. తర్వాత బొటనవేలు ఎత్తి, వెనక్కి తిరిగాడు. నాకు తెలీకుండానే నా కుడిచెయ్యి లేచింది. బ్రేక్‌వ్యాన్‌లోంచి పచ్చజెండా చూపించినన్నాళ్లు నేను చేసిందీ అదే, అవతలివాడు చూశాడని తెలిసేదాకా చెయ్యి దించకూడదు.

ముందు చక్రాన్ని తోసేవాళ్లు తిప్పుకోడానికి వీలుగా ఆ పిన్ను పెడతారట, అది తీస్తే గాని పైలట్ చేతికి చక్రం రాదట. ఈ సంగతి చెప్పింది మా వరసలో చివరి సీటు కుర్రాడు. అతను డిస్పాచరట. విమాన సంస్థల్లో అలాంటి ఉద్యోగం ఉంటుందని ఇవాళే తెలిసింది. ఏ దారిన పోవాలి, ఏ ఎత్తున పోవాలి, ఎంత ఇంధనం పోయాలి అన్న ప్లాను నేల మీద కూర్చుని వేసేవాళ్లు. మా కంట్రోల్ ఆఫీసు మనుషుల్లాంటివాడు. నాకింకేం కావాలి! మా ఆవిడ తల ముందు నుంచీ వెనక నుంచీ మాట్లాడుకుంటూ పోయాం.

13.44 నుంచి రన్‌వే దగ్గర ఆగాం. ఇది నౌకాదళం వాళ్ల ఐఎన్‌ఎస్ డేగా. ప్రయాణికుల విమానాలకి ఇందులో చోటిచ్చారు, అంతే. ముందు ఒక నేవీ విమానం దిగింది. వాళ్లకీ మాకూ అదే రన్‌వే, సింగిల్ లైన్ సెక్షన్ అన్నమాట.

13.53 గాల్లోకి. లేచీ లేవగానే పడమర దారి పట్టలేదు, ఓ చుట్టు తిరిగింది. మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు పక్కకి వాలింది, మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"అంకుల్, నా ప్లానులో గాల్లో ఉండేది 50 నిమిషాలే" అన్నాడు కుర్రాడు. మరి గంటా ఇరవై? చక్రాల కింద అడ్డు తీసి కదిలిన నిమిషం నుంచి, అవతల ఆగి మళ్లీ అడ్డు పెట్టే నిమిషం దాకా టికెట్ టైము. నెట్టుడు, పాకుడు, రన్‌వే దగ్గర వరస, అవతల దిగాక గేటుకి చేరడం, వీటన్నిటికీ తోడు కొంచెం వెసులుబాటు. అనుకున్న టైముకి 15 నిమిషాల్లోపు వస్తే లెక్కల్లో అది టైముకి వచ్చినట్టేనట. ఆ పేరు పోకుండా కాస్త ఉదారంగానే వేసుకుంటారు. "మీ దువ్వాడ ఇదన్నమాట" అన్నాను. అతనికి అర్థం కాలేదు, చెప్తే పడీపడీ నవ్వాడు.

14.12 మబ్బుల మధ్య చిన్న సందు. ఎడమవైపు కింద పచ్చటి కొండలు, వాటి నడుమ నెమ్మదిగా మెలిక తిరిగిన ఎర్రమట్టి నీళ్లు. పాపికొండలు! వరద గోదావరి! రాజమండ్రి వంతెన మీద నేనెరిగిన గోదావరికి అవతలి గట్టు అందదు. ఇక్కడ రెండు కొండల మధ్య ఇరుక్కుని సన్నగా ఉంది. మా ఆవిణ్ణి కిటికీ వైపు లాగేలోపు మబ్బు మూసేసింది.

14.13 పైకి ఎక్కడం ఆగింది. 32,000 అడుగులు. పడమర పోయే విమానాలకి సరి సంఖ్య వేలు, తూర్పు పోయేవాటికి బేసి సంఖ్య వేలు అని కుర్రాడు చెప్పాడు. అప్పుడే మా కిందుగా ఎదురు విమానం ఒకటి తెల్లగా దూసుకుపోయింది. వెయ్యి అడుగుల తేడా, 300 మీటర్లు. మాకు అప్ లైనూ డౌన్ లైనూ పక్కపక్కన ఉంటాయి, వీళ్లకి ఒకదాని మీద ఒకటి.

14.22 చెవులు మూసుకుపోయాయి. దిగుడు మొదలైంది. అంటే పైన తిన్నగా పోయింది 9 నిమిషాలు! ఎక్కడానికి ఇరవై, దిగడానికి ఇరవై. వెయ్యి అడుగులు దిగాలంటే మూడు నాటికల్ మైళ్లు ముందే మొదలెట్టాలట. శంషాబాద్ నేలే సముద్రానికి 2,000 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి దిగాల్సింది 30,000, అంటే 90 మైళ్లు, 167 కిలోమీటర్లు. ఆపైన వేగం తగ్గించుకోడానికి కొంచెం. ఇంత చిన్న దూరానికి జెట్ విమానం తన పూర్తి వేగంతో పోయేది నాలుగో వంతు దారి మాత్రమే. మిగతాదంతా ఘాట్ సెక్షనే.

ఇంధనం సంగతి కూడా అడిగాను. దారికి సరిపడా, హైదరాబాద్‌లో దిగలేకపోతే ఇంకో ఊరు చేరేంత, దానిపైన అరగంట చక్కర్లు కొట్టేంత పోసి గాని వదలరట. ఈ మాట నాకు నచ్చింది.

14.43 నేల తాకింది. 14.52కి ఆగింది. ఆరు నిమిషాలు ఆలస్యంగా కదిలి, మూడు నిమిషాలు ముందొచ్చింది.

15.15 పెట్టె చేతికొచ్చింది. ఆవకాయ క్షేమం. 15.30 కారు. ఔటర్ రింగు రోడ్డు దిగి, ఉప్పల్ ట్రాఫిక్‌లో పడి, 17.05కి మల్కాజిగిరి.

ఇంటి నుంచి ఇంటికి ఆరు గంటలు. గాల్లో 50 నిమిషాలు. 512 కిలోమీటర్లని ఆరు గంటలతో భాగిస్తే గంటకు 85. వందేభారత్ సగటు కంటే మూడు ఎక్కువ.

24 ఆగస్టు, శనివారం

ఇంటినిండా చుట్టాలు. వంటవాళ్లు రేపటికి బూరెల పిండి రుబ్బించుకుంటున్నారు. మనవరాలు గోరింటాకు చేతులతో నా దగ్గరికొచ్చి కూర్చుంది. జేబు పుస్తకం చదివించుకుని, "తాతా, ఇక్కణ్ణుంచి వైజాగ్ పోయినా అంతే టైమా?" అంది.

మంచి ప్రశ్న. డిస్పాచర్ కుర్రాడు చెప్పింది గుర్తుంది. వానాకాలంలో నేల మీద గాలి పడమర నుంచి వీస్తుంది, పైన అందుకు ఎదురుగా తూర్పు నుంచి వీస్తుంది. పై ఎత్తుల్లో ఆ తూర్పుగాలి ప్రవాహం సంగతి ప్రపంచానికి విడమరిచి చెప్పింది మన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం గారు, 1950లలో. తర్వాత భారత వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్ అయ్యారు. అందుచేత ఈ నెలల్లో విశాఖ నుంచి హైదరాబాద్ వచ్చే విమానాన్ని పైగాలి వెనక నుంచి తోస్తుంది. శీతాకాలం వస్తే పైన పడమటిగాలి, అప్పుడు విశాఖ పోయే విమానానికి అనుకూలం.

ఎంత అనుకూలం? కాగితం మీద వేసి చూపించాను. విమానం వేగం గంటకు 830, గాలి 60 అనుకుందాం. పై ఎత్తుల్లో పోయే దూరం, ఎక్కేటప్పటి, దిగేటప్పటి పైభాగం కూడా కలిపి, 250 కిలోమీటర్లు. గాలి తోస్తే 17 నిమిషాలు, ఎదురైతే 19న్నర. రెండున్నర నిమిషాల తేడా. "ఇంతేనా!" అంది. ఇంతే. అమెరికా దారుల్లోనైతే పోనూ రానూ గంటకి పైగా తేడా వస్తుంది, అక్కడ గాలికి తొయ్యడానికి బోలెడు దూరం దొరుకుతుంది. మన 512లో దానికి చోటేదీ?

కింది గాలి చేసే తేడానే ఎక్కువ. విమానం సాధారణంగా గాలికి ఎదురుగా దిగుతుంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. పడమటిగాలి కాలంలో మనం తూర్పు నుంచి వచ్చి తిన్నగా దిగిపోతాం. తూర్పుగాలి కాలంలో అయితే విమానాశ్రయాన్ని పక్కన పెట్టి, దాటిపోయి, వెనక్కి తిరిగి దిగాలి. పైగాలి ఇచ్చే రెండున్నర నిమిషాలు ఆ ఒక్క మలుపు తినేస్తుంది. ఊళ్ల మధ్య దూరం మారదు, విమానం తిరిగే దూరం మాత్రం కాలాన్ని బట్టి మారుతుంది.

సాయంత్రం ఇంకో లెక్క. 4.8 డిగ్రీలకి, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 19 నిమిషాలు. విశాఖలో సూర్యుడు మనకంటే 19 నిమిషాలు ముందు కుంకుతాడు. మేడ మీద ఇంకా ఎండ ఉండగా విశాఖలో మావాడికి ఫోన్ కలిపి ఇచ్చాను. "ఇక్కడ దీపాలు పెట్టేశారమ్మా" అన్నాడు. గడియారం మాత్రం రెండు చోట్లా ఒకటే. దేశం టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల గీత మన తుని పక్కనుంచే పోతుంది. ఆ గీతని బళ్లో ఎన్నిసార్లు దాటానో! అక్కడ బోర్డేమీ ఉండదు.

26 ఆగస్టు, సోమవారం

నిన్న ఫంక్షన్ నిండుగా జరిగింది. పిల్ల ఓణీలో ఒక్కసారిగా పెద్దదైపోయింది. బంతిలో చుట్టాల మాటలన్నీ ప్రయాణాల మీదే. రాజమండ్రి వాళ్లు రాత్రి బస్సు, ఖమ్మం వాళ్లు కారు. మా బావమరిది, "బేగంపేటలో విమానాశ్రయం ఉన్నప్పుడు దిగి అరగంటలో ఇంటికొచ్చేవాళ్లం" అన్నాడు. నిజమే. 2008 మార్చి 23 నుంచి శంషాబాద్. విమానం వేగం అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నేల ప్రయాణం పెరిగింది. రేపు మనకీ భోగాపురం వస్తుంది. మర్రిపాలెం నుంచి ఇరవై నిమిషాల్లో చేరిన నేను అప్పుడు యాభై కిలోమీటర్లు పోవాలి. అది విశాఖకి ఈశాన్యాన ఉంది కాబట్టి గాలి దూరం కూడా ఓ ముప్పై పెరుగుతుంది. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి మాత్రం దగ్గరవుతుంది. వాళ్లెన్నాళ్లు తిరిగొచ్చారు మరి!

1 సెప్టెంబరు, ఆదివారం

నిన్నంతా ఎడతెగని వాన. తెల్లారేసరికి వార్త: కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరద పొంగి ట్రాక్ కింద కట్ట కోసుకుపోయింది. టీవీలో చూపిస్తున్నారు. పట్టాలు స్లీపర్లతో సహా గాల్లో వేలాడుతున్నాయి, కింద నీళ్లు పోతున్నాయి. బెజవాడ దగ్గర రాయనపాడు స్టేషన్లో పట్టాలు మునిగాయి. మా గోదావరి రద్దు అని మెసేజి వచ్చింది.

కారు మాటెత్తాడు పెద్దోడు. మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికి వచ్చేసింది, బెజవాడ రోడ్డు బందు. బెజవాడలో బుడమేరు ఊళ్లోకి వచ్చింది. రైలూ రోడ్డూ రెండూ ఆ ఒక్క బెజవాడ కీలు మీదే ఆధారపడ్డాయని అట్లాసులో చూసి రాసుకున్నాను. ఇవాళ ఆ కీలే తెగింది.

తెగనిది 512 ఒక్కటే. సీట్లు ఉన్నాయి, ధర మాత్రం పెద్దోడు పైకి చదవలేదు.

2 సెప్టెంబరు, సోమవారం

కొన్ని బళ్లు గుంటూరు, నల్గొండ, పగిడిపల్లి మీదుగా మళ్లించారు. చాలావాటిని రద్దు చేశారు. టీవీలో ఆ కోతని పదేపదే చూశాను. అందరూ నీళ్లే చూస్తారు. వానాకాలం రాత్రుళ్లు చేతిలాంతరు, డిటొనేటర్లు పట్టుకుని ఆ కట్ట వెంట నడిచే పెట్రోలింగ్ మనుషులు నా కళ్లకి కనబడుతున్నారు. ఆ నడక వల్లనే మేం వెనక వ్యాన్లో నిశ్చింతగా జర్నల్ రాసుకున్నాం. 699 కిలోమీటర్లంటే కాగితం మీద ఒక అంకె. ప్రతి కిలోమీటరునీ రోజూ ఎవరో ఒకరు కాళ్లతో చూడాలి.

మా ఆవిడ దిగులు వేరే. "ఏడో తేదీ చవితండీ. ఇంట్లో దీపం లేకుండా ఎలాగ?"

"విమానం ఎక్కుదువా?"

"ఆ ధరకి మట్టి వినాయకుడు కాదు, ఇత్తడి వినాయకుడు వస్తాడు. ఆగుదాం. మీవోళ్లు బాగుచేస్తారు కదా." మీవోళ్లు అన్నమాట నాకు గట్టిగా తాకింది, బాగానే తాకింది.

6 సెప్టెంబరు, శుక్రవారం. మర్రిపాలెం

నాలుగో తేదీకల్లా ఆ చోట బళ్లు మెల్లగా కదిలాయి. నిన్న సాయంత్రం దొరికిన బండిలో బయల్దేరి ఇవాళ ఇల్లు చేరాం.

వరంగల్ దాటాక పడుకోలేదు. నెక్కొండ దగ్గర బ్రేకు పట్టింది. తలుపు దగ్గర నిలబడ్డాను. కాషన్ ఆర్డరు ఇచ్చి ఉంటారు, మనిషి పక్కన నడిచి రాగలిగేంత నెమ్మది. ఫ్లడ్‌లైట్లు, ఇసుక బస్తాల వరస, పక్కన గుట్టలుగా కొత్త కంకర. వానకి తడిసిన కంకర నల్లగా ఉంటుంది, ఇది ఇంకా తెల్లగా దుమ్ముతో ఉంది. నారింజ కోట్ల మనుషులు పారల మీద చేతులానించి బండి వైపు కాదు, చక్రాల కిందికి చూస్తున్నారు. ఏ స్లీపరు దగ్గర ఎంత కుంగుతుందో చూడాలి కదా. ఆ చోటు దాటాక ముందు టి/పి బోర్డు ఉంటుంది. ఇంజను దాన్ని చేరిందంటే ఆఖరి బోగీ కూడా మెల్లగా పోవాల్సిన చోటు దాటినట్టే, అప్పటిదాకా డ్రైవరు వేగం పెంచకూడదు. మనసులోనే బోగీలు లెక్కపెట్టాను. సరిగ్గా ఆఖరిది దాటాక ఇంజను అందుకుంది.

ఆ కాస్త దూరంలో పోయిన టైము ఎక్కడ కలిసొచ్చిందో చెప్పనక్కర్లేదు. దువ్వాడకి లేటు, విశాఖకి దాదాపు రైట్ టైము.

8 సెప్టెంబరు, ఆదివారం

నిన్న చవితి బాగా జరిగింది. మట్టి వినాయకుడే.

మావాడు టీ దగ్గర అడిగాడు, "మొత్తానికి ఎంత దూరం గురూ?" రైలుకి 699, గాలికి 512. టైము సంగతి అడిగితే మాత్రం ఒక అంకె చెప్పను. దూరం భూమిలో ఉంటుంది, దాన్ని మార్చాలంటే కొండ తవ్వాలి, వంతెన కట్టాలి. టైములో మనుషులు ఉంటారు. పిన్ను ఎత్తి చూపించేవాడు, రన్‌వే ఇచ్చేవాడు, లైన్ క్లియర్ ఇచ్చేవాడు, అర్ధరాత్రి కంకర పోసేవాడు. వీళ్లందరికీ కొంత కొంత వదిలి మిగిలినదాన్ని ప్రయాణమంటారు. విమానంలో ఆ వాటా ఆరింట అయిదు వంతులు, కనబడదు. రైల్లో కిటికీలోంచి కనబడుతుంది, అందుకే దాన్ని తిడతారు.

మధ్యాహ్నం పెద్దోడు ఫోన్ చేశాడు. సంక్రాంతికి నలుగురూ వస్తారట. ఏది బుక్ చెయ్యమంటారు అన్నాడు. వచ్చేటప్పుడు విమానం తీసుకోమన్నాను. జనవరిలో ఆకాశం తేటగా ఉంటుంది. మధ్యాహ్నం విమానమైతే పొగమంచు గొడవ ఉండదు. మనవరాలికి కుడివైపు కిటికీ, పాపికొండలు ఆ వైపే వస్తాయి, ఎగిరాక అరగంటకి చూడమను. వెళ్లేటప్పుడు మాత్రం పగటి బండి. రాజమండ్రి దగ్గర అదే గోదావరి ఎంత వెడల్పయిందో చూడాలి కదా.

కనుమ, ముక్కనుమ అయ్యాక 17న తిరుగు ప్రయాణం. ఈ ఏడాది (2024) నిబంధన ప్రకారం 120 రోజుల ముందు రిజర్వేషన్ తెరుస్తున్నారు. అంటే ఈ నెల 19, పొద్దున 8 గంటలకి. 7.30కల్లా కౌంటరు దగ్గరుండాలి.